దిర్హామ్ డబ్బు: నెలనెలా పంపాలా, రేటు పెరిగేదాకా ఆగాలా?

దుబాయ్ కరెన్సీ దిర్హామ్. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హామ్‌లే, మారలేదు. కాబట్టి దుబాయ్ రేటు మారిందంటే, మారింది రూపాయి–డాలరు లెక్కే.

పాత రేట్లు చూడండి. 2000 మొదట్లో ఒక దిర్హామ్ 11.80 రూపాయల దరిదాపుల్లో ఉంది. 2008 జనవరికి 10.70కి దిగింది. ఎనిమిదేళ్లు ఆగినా నష్టమే! 2013 ఆగస్టు 28న 18.70 తాకింది, ఇంకా పెరుగుతుందని ఆగినవాళ్లు అక్టోబరులో 17 లోపే చూశారు. 2022 అక్టోబరులో 22.50 దాటింది. మొత్తం మీద ఏడాదికి సగటున సుమారు 3 శాతం పెరుగుదల, అంతే.

ఖర్చు: నెలనెలా పంపితే ప్రతిసారీ ఫీజు. ఆగితే ఒక్కసారే.
శ్రమ: మొదటిదానికి లేదు. రెండోదానికి రోజూ రేటు చూసే టెన్షన్.
రిస్క్: నెలనెలా పంపితే మంచి రేటూ చెడ్డ రేటూ కలిసిపోతాయి. ఆగితే అంతా ఒక్క రోజు మీదే.

జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉంటే, అది ఏడాదికి 24 శాతం. అలాంటప్పుడు ఒక్క నెల కూడా ఆగొద్దన్నా. అప్పు లేక, ఇంటి ఖర్చు గడిచిపోతూ, మిగులు డబ్బు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు రెండు మూడు నెలలు ఆగి చూడొచ్చు.