టర్కీ వేటకి 20 గేజ్ చాలు: మిస్సోరిలో పన్నెండు సీజన్ల తర్వాత నా మాట

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో వసంతకాలపు టర్కీ కోళ్ల వేట సీజన్ ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో మొదలై మూడు వారాలు నడుస్తుంది. 2013 నుంచి 2024 దాకా ఒక్క ఏడాది కూడా మానకుండా వెళ్లాను. మొదటి ఐదు సీజన్లు ఒక పెద్ద 12 గేజ్ తుపాకీతో (గేజ్ అంటే గొట్టం లావు కొలత, సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నం), ఆ తర్వాత ఏడు సీజన్లు మాస్‌బర్గ్ 500 పంప్ తుపాకీతో (ముందు పట్టుని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది), అదీ 20 గేజ్‌లో. "అన్నా, నేనూ మొదలుపెడదామనుకుంటున్నా, ఏ గన్ తీసుకోమంటావు?" అని ఒంగోలు తమ్ముడొకడు కాన్సస్ సిటీ నుంచి ఫోన్ చేశాడు. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాటే లేదు కాబట్టి మనలో చాలామందికి తుపాకీ పట్టడమే కొత్త. ఇక్కడ హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి మామూలుగా తుపాకీ దగ్గర ఉంచుకోవడం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది గానీ, నేను మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను. మిస్సోరిలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. దాన్ని మొక్కుబడిగా చేయకండి. టర్కీ వేటలో ప్రమాదాలు ఎక్కువగా మనిషిని పక్షి అనుకుని కాల్చడం వల్లే జరుగుతాయి. పుంజు తలకాయ ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది కాబట్టి ఆ మూడు రంగులూ ఒంటి మీద ఉండకూడదు, ఆఖరికి జేబురుమాలు కూడా. భుజాలకన్నా వెడల్పైన చెట్టు చూసుకుని దానికి వీపు ఆనించి కూర్చోవాలి.

ఇక పక్షి సంగతి. మన ఊళ్లలో పెంచే టర్కీ కోడిని చూసి ఇదీ అంతేగా అనుకోవద్దు. ఊళ్లో కోడి మనిషి మీదకే వస్తుంది. అడవిలో ఉండే ఈస్టర్న్ జాతి పుంజు మీరు బొటనవేలు కదిపినా పసిగట్టి మాయమవుతుంది. వాసన పట్టదు గానీ దాని కళ్లు మహా చురుకు. రాత్రి చెట్ల మీద పడుకుని, తెల్లారుజామున అక్కడి నుంచే కూస్తుంది. ఆ కూత విని పెట్టలు దాని దగ్గరికి వెళ్లడం ప్రకృతి ధర్మం. మనం చేసేది దానికి ఎదురు పని. పెట్టలా పిలిచి పుంజునే మన దగ్గరికి నడిపించాలి. అందుకే రోజుల తరబడి కూత వినిపిస్తుంది, పుంజు మాత్రం రాదు.

దాని ఛాతీ మీద ఈకలు, ఎముకలు దట్టం. ఒంటి మీద కొడితే గాయంతో పారిపోయి ఎక్కడో చచ్చిపోతుంది. కాబట్టి గురి తలకీ మెడకే. ఆ సన్నటి చోట ఒకేసారి చాలా గుళ్లు పడాలి. షాట్‌గన్ ఎందుకు, దూరం 40 గజాలకి ఎందుకు ఆపుకోవాలి అన్నదానికి కారణం ఇదొక్కటే.

మొదటి తుపాకీ కొనేటప్పుడు కౌంటర్లో ఉన్నతను "టర్కీకైతే మూడున్నర అంగుళాల షెల్ పట్టేదే తీసుకోండి" అన్నాడు. నాకేం తెలుసు, తీసుకున్నాను. రెండు ఔన్సుల సీసపు గుళ్లున్న షెల్ పేలిస్తే భుజం మీద రోకటిపోటు పడ్డట్టుండేది. నాలుగో షెల్‌కే ట్రిగ్గర్ నొక్కేలోపు కళ్లు వాటంతటవే మూసుకునేవి. ఆ బాధకి సాధన మానేశాను. "అంత పెద్ద తుపాకీ, అన్ని గుళ్లు, ఎక్కడికి పోతుందిలే" అన్న ధీమా ఒకటి.

రెండో ఏడాది, 2014లో, ఆ ధీమాకి ఒక పుంజు బలైంది. ఓజార్క్ కొండల అంచున ఒక ముసలి రైతు పొలంలో, గట్టు మీద కూర్చున్నాను. పుంజు వచ్చింది, 35 గజాలు ఉంటుందేమో, పురి విప్పి నిలబడింది. కాల్చాను. కిందపడింది, లేచింది, ఒక రెక్క ఈడ్చుకుంటూ వాగులోకి దిగిపోయింది. మధ్యాహ్నం దాకా ఆ వాగు పొడుగునా వెతికాను. నాలుగు ఈకలు, ఒక రాయి మీద నెత్తురు చుక్క తప్ప ఏమీ దొరకలేదు. ముసలాయన కూడా వచ్చి వెతికాడు, నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్లబోతూ, "ఈ తుపాకీని కాగితం మీద ఎప్పుడైనా కాల్చి చూశావా?" అని అడిగాడు. లేదన్నాను.

ఆ వారమే కాల్చి చూశాను. పెద్ద కాగితం మధ్యలో పది అంగుళాల వృత్తం గీసి 40 గజాల దూరం నుంచి కాలిస్తే, వృత్తంలో పడ్డ గుళ్లు 61. మిగతావన్నీ పైకి, ఎడమకి పోయాయి. వృత్తంలో కనీసం వంద ఉండాలని ఇక్కడి వేటగాళ్ల లెక్క. తుపాకీ ఎటు కొడుతుందో తెలియకుండానే రెండేళ్లు ప్రాణమున్న దాని మీద గురిపెట్టానన్నమాట. తర్వాత చోక్ (గుళ్లు మరీ చెదిరిపోకుండా గొట్టం మూతికి బిగించే ముక్క) మార్చి, గురి సరిచేసి, దూరం 30 గజాలకి కుదించుకుని ఇంకో మూడేళ్లు దానితోనే నడిపాను. పక్షులు దొరికాయి. కానీ భుజం బెదురు మాత్రం పోలేదు.

2018లో మార్పు వచ్చింది. ఆ ఏడాది ఫెడరల్ కంపెనీ టీఎస్ఎస్ షెల్స్ విడుదల చేసింది. టంగ్‌స్టన్ సూపర్ షాట్ అన్నమాట. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11 గ్రాముల పైచిలుకు, ఇది 18. గుండు బరువెక్కువ కాబట్టి చాలా చిన్నగా చేసినా లోపలికి దిగుతుంది. అంతకుముందు సీసంలో 5 నంబరు వాడేవాళ్లం, ఇందులో 9 నంబరు చాలు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). 9 నంబరువి ఔన్సుకి దాదాపు 360 గుళ్లు. 20 గేజ్ మూడంగుళాల షెల్‌లో ఔన్సున్నర పడుతుంది, అంటే 500కి పైగా. గేజ్ అంటే, గొట్టం లోపలి వెడల్పుకి సరిపోయే సీసపు గుండ్లు ఎన్నయితే ఒక పౌండు తూగుతాయో ఆ సంఖ్య. అందుకే 12 కన్నా 20 సన్నం. సన్నం కాబట్టి చేతకానిది అన్న లెక్క సీసం రోజులది, ఈ గుళ్లు వచ్చాక అది చెల్లదు.

ఆ ఏడాది సీజన్‌కి ముందే పాతది అమ్మేసి మాస్‌బర్గ్ 500 కొన్నాను, 22 అంగుళాల గొట్టం. ఆ నమూనా 1960ల నుంచీ ఉంది, అంతకు ముందునుంచీ ఉన్న రెమింగ్టన్ 870 కూడా చూశాను. నా స్నేహితుడి దగ్గర 870 ఉంది, మేలైన తుపాకీ. కానీ నాది ఎడమచేతి వాటం. 870కి సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపేది) ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బొత్తాం, అది కుడిచేతి వాళ్ల చూపుడువేలికి కుదురుతుంది. 500కి సేఫ్టీ తుపాకీ వీపు మీద ఉంటుంది, ఏ చెయ్యైనా బొటనవేలు నేరుగా దాని మీద పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ఇది తీసుకోవచ్చు. ఖాళీ షెల్ కుడివైపుకి, అంటే మన కళ్ల ముందు నుంచి ఎగిరిపోతుంది, దానికి మాత్రం అలవాటు పడాలి.

కొత్త తుపాకీతో మొదట కాగితమే కాల్చాను. 40 గజాలు, అదే పది అంగుళాల వృత్తం. లెక్కపెడుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని ప్రతి చిల్లు మీదా స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టింది. 187. భుజానికి తెలిసిందల్లా ఒక మోస్తరు తోపు. ఆ కాగితం మడిచి తుపాకీ సంచిలో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఏడు సీజన్ల వాడకంలో తేలిందేమిటంటే, ఈ రకం వేటకి బరువు తక్కువ ఉండడమే పెద్ద సుఖం. చీకట్లో కొండెక్కి, మోకాలి మీద తుపాకీ ఆనించుకుని, కొన్నిసార్లు నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. పాతదానితో పావుగంటకే చేతులు వణికేవి. పంప్ తుపాకీ ఏదైనా ముందు పట్టు కాస్త కదిలి చప్పుడు చేస్తుంది. అందుకని కూర్చోగానే ఎడమ చేతిని ట్రిగ్గర్ దగ్గరికి, కుడి చేతిని ముందు పట్టు మీదికి తెచ్చి బిగించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. సేఫ్టీని టక్కున తోయకుండా బొటనవేలితో అదిమిపట్టి మెల్లగా జరిపితే చప్పుడు రాదు. సెమీ ఆటోమేటిక్ తుపాకీలు తోపు ఇంకా తగ్గిస్తాయి, ధర మాత్రం బాగా పెరుగుతుంది. ఒక్క దెబ్బకి అయిపోవాల్సిన వేటకి ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం.

చోక్ బిగుతుగా ఉంటే ఒక చిక్కుంది. 2019లో పుంజు నాకు కుడివైపు నుంచి, పొద చాటున వచ్చేసింది. ముందు చప్పుడు వినపడలేదు, గుండెల్లో అదిరినట్టు అనిపించింది. దాన్ని ఇక్కడ డ్రమ్మింగ్ అంటారు. "ట్ఛు" అని ఒక చిన్న ఉమ్ము, వెంటనే ఎక్కడో దూరాన లారీ గేరు మార్చినట్టు "ర్ర్ర్మ్" అని సన్నటి హోరు. ఆ చప్పుడు వినిపించిందంటే పుంజు దగ్గరికి వచ్చేసినట్టే. తల తిప్పకుండా కళ్లే తిప్పాను. 12 గజాలు. ఈకల అంచున ఎండపడి రాగిచెంబులా మెరుస్తోంది, ముక్కు మీద నుంచి కండ వేలాడుతోంది, నుదురు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కాల్చాను. పక్షి ఎగిరిపోయింది. అంత దగ్గర్లో గుళ్లన్నీ కలిసి పిడికిలంత కూడా పరుచుకోవు. ఉత్సాహంలో చెంప తుపాకీ వెనక కర్ర మీది నుంచి లేచింది, అంతే, గుళ్లు దాని తల పైనుంచి పోయాయి.

దాని తర్వాత రెడ్ డాట్ పెట్టించాను, గురి కోసం అద్దంలో ఎర్రచుక్క చూపించే సాధనం. తల కాస్త అటూ ఇటూ అయినా చుక్క ఎక్కడుంటే గుళ్లు అక్కడే పడతాయి. ఐదు సీజన్లుగా దానితో ఒక్కటి తప్పలేదు. ఒక తెల్లవారుజామున మాత్రం బ్యాటరీ అయిపోయి చుక్క వెలగలేదు, కూసిన పుంజుని వదిలేసి వచ్చాను. అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్ ఒకటో తారీకున కొత్త బ్యాటరీ వేస్తాను, ఇంకొకటి జేబులో ఉంటుంది.

టీఎస్ఎస్ ఖరీదు మాత్రం చెప్పి తీరాలి. ఐదు షెల్స్ పెట్టె 50 డాలర్లు దాటుతుంది. నేను చేసేదిది. ముందు చవక సీసపు షెల్స్‌తో 20 గజాల దగ్గర గురి సరిచేసుకుంటాను, చివర్లో రెండు టీఎస్ఎస్ షెల్స్ 40 గజాల కాగితం మీద. సీజన్లో ఖర్చయ్యేది మహా అయితే రెండు, మా రాష్ట్రంలో వసంతానికి పరిమితే రెండు పుంజులు. షెల్స్ మీద, తుపాకుల మీద 1937 చట్టం ప్రకారం పడే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి చేరుతుంది. ఒకప్పుడు మిస్సోరిలో టర్కీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, వాటిని మళ్లీ పెంచి 1960లో సీజన్ తెరిచారు. అది తెలిశాక ఆ 50 డాలర్లు ఇవ్వడానికి నాకు మనసు కష్టంగా లేదు.

మా అమ్మాయి కోసం స్టీవెన్స్ 301 తీసుకున్నాను, .410 గొట్టం (20 గేజ్ కన్నా సన్నం), ఒక్క షెల్ పట్టేది. చాలా తేలిక, టీఎస్ఎస్‌ని దృష్టిలో పెట్టుకునే చేసింది. దానికి మా ఇంట్లో గీత 25 గజాలు. పిల్లల కోసం పెద్ద సీజన్‌కి ముందు రెండు రోజులు కేటాయిస్తారు. మొదటి ఏడాది పుంజు 30 గజాల దగ్గర నిలబడితే, "నాన్నా, దూరం" అని చెవిలో చెప్పి తుపాకీ దించేసింది. ఆ పొద్దు మేం ఒట్టి చేతులతోనే వచ్చాం.

పిలిచే సాధనాల్లో కొత్తవాళ్లకి బాక్స్ కాల్ చాలు. దేవదారు పెట్టె, దాని మీద తెడ్డులాంటి మూత, సుద్ద రాసి రుద్దితే పెట్ట పిలిచినట్టే ఉంటుంది. నాకు ఆ ముసలాయన నేర్పాడు: మూడు సార్లు పిలిచి పెట్టె కింద పెట్టు, చేతులు కట్టుకో. నోట్లో పెట్టుకునే కాల్ పట్టుబడడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పిడుదుల గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెబుతున్నాను. ఇక్కడి లోన్ స్టార్ అనే పిడుదు కరిస్తే కొందరికి మేకమాంసం, పొట్టేలు మాంసం, గొడ్డు మాంసం పడకుండా పోవచ్చు. కోడి, టర్కీ తినొచ్చు. ప్యాంటుకి, బూట్లకి పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి.

పుంజు దొరికిన రోజు రాత్రి పదిలోపు టెలిచెక్ అనే రాష్ట్ర వన్యప్రాణి శాఖ పద్ధతిలో నమోదు చేయాలి. రొమ్ము మాంసం సన్నగా కోసి కరివేపాకు, మిరియాలతో వేపుడు చేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. తొడలు బాగా గట్టి, కుక్కర్లో ఎనిమిది కూతలు రానిచ్చి నాటుకోడి పులుసులా చేస్తుంది మా ఆవిడ. ముసలాయనకి ఒక డబ్బా తీసుకెళ్తే వద్దనడు, కారం మాత్రం తగ్గించమంటాడు.

ఒంగోలు తమ్ముడు 20 గేజ్ పంప్ కొన్నాడు. వచ్చే శనివారం మా ఇంటికి వస్తున్నాడు. రెండు పెట్టెల షెల్స్ తెచ్చుకోమన్నాను, ఒకటి కాగితానికి.