కెనన్ టిల్ట్-షిఫ్ట్ లెన్స్: రెండు రోజులు అద్దెకు తెచ్చి వాడాక

బంజారాహిల్స్‌లో చేనేత చీరల షాపు. తెల్లటి సున్నపు గోడలు, ఒక టేకు బల్ల, దండెం మీద ఒకే ఒక్క నారాయణపేట చీర. ఇంత తక్కువ సామానున్న చోటే ఫోటో తీయడం కష్టం. గోడ అంచు వెంట్రుకవాసి ఒరిగినా కన్ను అక్కడే ఆగిపోతుంది.

అందుకే కెనన్ టిల్ట్-షిఫ్ట్ లెన్స్, అంటే కెమెరా కదలకుండా లెన్స్‌నే వంచడానికి, జరపడానికి వీలుండేది, టీఎస్-ఈ 24 ఎం.ఎం. ఎఫ్3.5ఎల్ రెండో వెర్షన్ తెచ్చాను. సీలింగ్ కూడా రావాలని మామూలు లెన్స్‌తో కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలతాయి. దీంతో కెమెరా తిన్నగానే ఉంటుంది. మర తిప్పితే లెన్సే 12 మి.మీ. దాకా పైకి జరుగుతుంది. మేస్త్రీ గుండు వేలాడదీసి చూసినంత నిలువుగా వచ్చాయి గోడలు. ఎడిటింగ్‌లోనూ సరిచేయొచ్చు, కానీ అంచులు కోతకు పోతాయి.

ఆటోఫోకస్ లేదు, బరువు 780 గ్రాములు. స్టాండ్ తప్పనిసరి. ఎక్స్‌పోజర్ (ఫోటోకి ఎంత వెలుగు కావాలో) మాత్రం లెన్స్ జరపకముందే చూసి లాక్ చేయండి, జరిపాక కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌ని నమ్మలేం. నాకు మొదటి గంట ఫోటోలన్నీ అలాగే పాడయ్యాయి.

"ఖాళీగా ఉంది కదా తమ్ముడూ, ఇంకో పది చీరలు పెట్టనా?" అంది షాపు అక్క.

"వద్దక్కా, లైట్లు కూడా ఆపేద్దాం."

పొద్దున ఏడింటికి తూర్పు కిటికీ వెలుగు ఒక్కటే. కెమెరా సెట్టింగ్‌లు: లెన్స్ రంధ్రం ఎఫ్11, వెలుగు గ్రహించే స్థాయి ఐఎస్ఓ 100, షట్టర్ ఒక సెకను. చీర అంచు నీడ గోడ మీద గీత గీసినట్టు పడింది. ఆ ఫోటోనే అక్క షాపు బోర్డుకి ఎంచుకుంది. నేను ఈ లెన్స్ కొనడానికి డబ్బు కూడబెడుతున్నాను.