నల్గొండలో స్పానిష్ తరగతి: పాఠం మంచిదే, దారే చుట్టు

మా అమ్మాయి పైచదువుకు స్పెయిన్‌లోని వలెన్సియా వెళ్లింది. తనను చూడటానికి వెళ్లినప్పుడు అంగట్లో నోరు తెరవగలిగితే చాలనుకుని, నల్గొండ క్లాక్ టవర్‌కు కాస్త దూరంలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆదివారాల స్పానిష్ తరగతికి చేరాను. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాసేవాణ్ణి. ఫీజు 2,500 రూపాయలు, పుస్తకం అందులోనే.

ఉచ్చారణ మీద మేడమ్ పెట్టే శ్రద్ధ చూస్తే ఆ ఫీజు గిట్టుబాటే. స్పానిష్ త, ద మన త, ద లాంటివే కాబట్టి మన నాలుకకు ఇబ్బంది లేదు. కృతజ్ఞత చెప్పే మాటను మెక్సికో తీరున 'గ్రాసియాస్' అనీ, స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల పలికినట్టు 'గ్రాథియాస్' అనీ రెండూ పలికించారు. నారింజ అక్కడ 'నరాన్హ'. సంస్కృత 'నారంగ' పారశీకం, అరబిక్ మీదుగా అంత దూరం వెళ్లిందని చెప్పినప్పుడు, బత్తాయి తోటల జిల్లా కదా, వెనక బెంచీ కుర్రాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టారు.

నా పేచీ అంతా అర్థాలు చెప్పే పద్ధతితోనే. అన్నీ ఇంగ్లిష్‌లో చెబుతారు. 'మె గుస్తా ఎల్ అర్రోస్' అనే చిన్న వాక్యానికి కర్త ఏది, కర్మ ఏది అంటూ బోర్డంతా నింపారు. తెలుగులో అది 'నాకు అన్నం ఇష్టం', అంతే. 'మె' అంటే 'నాకు'. ఇష్టమైనవి ఒకటికి మించితే 'గుస్తా' కాస్తా 'గుస్తాన్' అవుతుంది. 'మె దుఎలె లా కబేసా' కూడా అచ్చం 'నాకు తల నొప్పిగా ఉంది'.

"మేడమ్, ఇది మన వాక్యమే కదా" అన్నాను.

"నిజమే సార్, కానీ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది" అన్నారు. పుస్తకం మీద అంత భక్తి ఎందుకో!

ఇంగ్లిష్ 'బి' (am, is, are) క్రియకు స్పానిష్‌లో ఉన్న రెండు మాటలు 'సెర్', 'ఎస్తార్' దగ్గర మాత్రం తెలుగు కూడా ఆదుకోదు. 'ఆయన డాక్టర్' అనడానికి మనకు క్రియే అక్కర్లేదు మరి. శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని పుస్తకం సూత్రం. అయితే చనిపోయిన మనిషి గురించి 'ఎస్తా ముయెర్తో' అంటారు. ఎక్కడికీ కదలని మాడ్రిడ్ ఎక్కడుందో చెప్పడానికీ ఎస్తారే కావాలి! స్థితికీ, ఉన్న చోటుకీ ఎస్తార్. ఎవరు, ఎలాంటివారు అన్నదానికి సెర్ అంటే చాలావరకు తేలిపోయేది.

'ఎంబరసాదా' అంటే ఇంగ్లిష్ 'ఎంబరాస్డ్'లా సిగ్గుపడటం కాదు, గర్భవతి అని గట్టిగానే హెచ్చరించారు. కానీ ఏ మాట ఏ దేశానిదో పుస్తకంలో గుర్తు లేదు. కారు ఒక పేజీలో 'కోచె', మరో పేజీలో 'కార్రో'. మొదటిది స్పెయిన్ మాట, రెండోది లాటిన్ అమెరికాలో చాలా చోట్ల వాడేది. 'కొహేర్' స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి వాడే మామూలు మాట. మెక్సికో, అర్జెంటీనాలలో పచ్చి బూతు. ఉద్యోగం కోసం నేర్చుకునే పిల్లలకు ఇది మొదటి వారమే చెప్పవద్దా?

ఐదుకు మూడు మార్కులు. బజారు మాటల వరకైతే చేరవచ్చు. గుర్తింపు ఉన్న పత్రం కావాలంటే డెలె పరీక్ష రాయాలి. అది స్పానిష్ నేర్పే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ వారిది, ఢిల్లీలో వాళ్ల కేంద్రం ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఒక మాట: తరగతి మూడో అంతస్తులో, లిఫ్టు లేదు.