తెలుగు వికీసోర్స్: బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఇచ్చే ముందు

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో చాలామంది తెలుగు పిల్లల చదువు ఇలాగే సాగుతోంది. వాళ్ల చేత తెలుగు చదివించాలనుకునే మాస్టార్లకు పైసా ఖర్చు లేకుండా దొరికేది తెలుగు వికీసోర్స్, అంటే పాత తెలుగు పుస్తకాలను ఉచితంగా చదువుకోనిచ్చే వెబ్‌సైటు. మంచి సేవే, కానీ దించుకున్నది దించుకున్నట్టు పిల్లల చేతిలో పెట్టకూడదు.

అక్కడ పాత అచ్చు పుస్తకాల స్కానుల నుంచి అక్షరాలను కంప్యూటరు గుర్తుపడుతుంది, తర్వాత మనుషులు దిద్దుతారు. ఎంతవరకు దిద్దారో పుట రంగు చెబుతుంది. ఎరుపంటే ఇంకా దిద్దలేదు. పసుపంటే ఒకరు దిద్దారు. ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా సరిచూశారు. పుస్తకం సూచిక తెరిస్తే ఏ పుట ఏ రంగులో ఉందో వరసగా కనిపిస్తుంది. తరగతికి ఆకుపచ్చవే తీసుకోండి. పసుపువైతే స్కానుతో పోల్చి చదివాకే ఇవ్వండి. ఎర్రవి వద్దు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఒడియా లిపిలో ఎ, ఏ రెంటికీ ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. అందుకే మన పిల్లల రాతలో మెడ, మేడ కలిసిపోతాయి; కోడి కొడి అవుతుంది. కంప్యూటరు తడబడేదీ ఇలాంటి చోట్లే: ఎత్వం, ఏత్వం, ధ, థ, వత్తులు. గుంటూరు పిల్లాడు తప్పును చూడగానే పసిగడతాడు. బరంపురం పిల్ల అదే ఒప్పనుకుని నేర్చుకుంటుంది. ఆ తప్పు మాన్పించడం మొదట నేర్పడం కంటే కష్టం.

ఫోనులో చదవడానికి ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు మేలు, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఆ వీలు లేదు. అచ్చు తీసేటట్టయితే కావలసిన భాగం మాత్రం కాపీ చేసి, 16 లేదా 18 పాయింట్ల అక్షరంతో, వరసల మధ్య ఖాళీ పెంచి తీయండి. వత్తులు పై వరసకు, కింది వరసకు తగలకూడదు.

అసలు కొరత రచయితల దగ్గర ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి; అవి తీరితేగాని పుస్తకం సాధారణంగా వికీసోర్స్‌కు రాదు. 1915లో పోయిన గురజాడ, 1940లో పోయిన గిడుగు అందుబాటులోకి వచ్చారు. 1993లో పోయిన రావిశాస్త్రి కోసం 2053 దాటేదాకా ఆగాలి. పేదవాడికి కోర్టులో జరిగే అన్యాయాన్ని ఉత్తరాంధ్ర మాటలోనే చెప్పిన రచయిత పాఠంలోకి రాకపోవడం మన పిల్లలకు పెద్ద నష్టం. ఉన్నంతలో ‘కన్యాశుల్కం’ సంభాషణలే వీళ్ల ఇంటి మాటకు దగ్గర. బాల్యవివాహాల వార్త పేపర్లో వచ్చిన వారం ఆ వార్తనూ, ఈ నాటకంలోని రెండు పుటలనూ కలిపి చదివించండి, పిల్లలు నోరు విప్పి మాట్లాడతారు.

తర్వాతి తరం కథలకు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైటు చూడండి. అక్కడున్నవి పుటల బొమ్మలు. కాపీ చేసుకోవడానికి కుదరదు, చిన్న ఫోనులో కళ్లు లాగుతాయి. కానీ అచ్చులో ఏముందో అదే కనిపిస్తుంది, కంప్యూటరు తప్పులుండవు.

వికీసోర్స్‌లో తప్పు కనబడితే ఎవరైనా దిద్దవచ్చు. రంగు మార్చాలంటే మాత్రం ఖాతా ఉండాలి, పైగా పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయలేరు. ఊళ్లో ఇద్దరు మాస్టార్లు జతకట్టి, ఒకరు దిద్దింది మరొకరు సరిచూస్తే, వచ్చే ఏడాది పాఠానికి కావలసిన పుటలు ముందే సిద్ధమవుతాయి.