వాల్వు రేడియోకి టెఫ్లాన్ వైరు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఇంట్లో 1950ల తొలినాళ్ల వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో పనిచేసేది) ఒకటి ఇప్పటికీ రోజూ మోగుతోంది. లోపలి రబ్బరు వైర్లన్నీ తీసేసి కొత్తవి వేసి చాలా ఏళ్లయింది. వేసిన కొత్తలో ఏ వైరైనా బాగానే ఉంటుంది. గుంటూరు ఎండలు, వానాకాలపు చెమ్మ, కరెంటు ఎగుడుదిగుళ్లు అన్నీ చూశాకే దాని సంగతి తెలుస్తుంది. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను. రబ్బరు వైర్లున్న సెట్టయితే పగిలినచోట టేపు చుట్టి సరిపెట్టుకోకండి, మొత్తం మార్చండి. ఛాసిస్ (రేడియో భాగాలన్నీ బిగించే లోహపు పళ్లెం) కింది భాగానికి టెఫ్లాన్‌ను, అంటే వేడిని బాగా తట్టుకునే ప్లాస్టిక్ తొడుగున్న వైరుని, మించిన వైరు నాకైతే కనబడలేదు.

సెట్టు మా తాతయ్య తెనాలిలో ఉన్నప్పుడు కొన్నది. చెక్క పెట్టె, లోపల పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఐదు వాల్వులు: ఈసీహెచ్ 42, ఈఎఫ్ 41, ఈబీసీ 41, ఈఎల్ 41, ఈజెడ్ 40. అన్నీ ఎనిమిది కాళ్ల రిమ్‌లాక్ రకం. వాల్వులు గట్టివే, ఐదూ పనిచేస్తున్నాయి. పాడైందల్లా వాటిని కలిపే వైరింగు.

ఆ రోజుల్లో చాలా సెట్లలో రాగి తీగ మీద రబ్బరు, దాని మీద నూలు అల్లిక ఉండేవి. మోసం చేసేది ఆ అల్లికే. పైకి రంగు కూడా వెలవకుండా శుభ్రంగా కనిపిస్తుంది. వైరుని వేళ్లతో కొద్దిగా వంచితే లోపల కరకరమంటుంది. అల్లిక చీల్చి చూస్తే రబ్బరు ఎండిన అప్పడంలా ముక్కలై రాలిపోతుంది. గాలి, వేడి కలిసి దాన్ని అలా చేస్తాయి. రబ్బరులో ఉండే గంధకం రాగిని నల్లబరుస్తుంది కూడా, దాంతో టంకం సరిగా అంటుకోదు. అవుట్‌పుట్ వాల్వుకీ (స్పీకరుని నడిపే ఈఎల్ 41) రెక్టిఫైయర్‌కీ (ఏసీని డీసీగా మార్చే ఈజెడ్ 40) దగ్గరగా వెళ్లే వైర్ల పరిస్థితి మరీ అధ్వానం. అక్కడే 250 వోల్టుల హైటెన్షన్ (వాల్వులని నడిపే ఎక్కువ వోల్టేజీ డీసీ) ఉంటుంది. రెండు తీగలు తగిలాయంటే మళ్లీ దొరకని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఒకచోట పొడైన రబ్బరు పక్కచోట బాగుందని నమ్మడానికి లేదు. మొత్తం మార్చమనడానికి కారణం అదే.

వైర్లు కొనడానికి హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కూడా దొరుకుతాయి. టెఫ్లాన్ పేరుతో మామూలు పీవీసీ అంటగట్టే వాళ్లూ ఉన్నారు, ఒక కొట్టులో నాకూ అలాగే ఇచ్చారు. కనిపెట్టడం తేలిక. వేడి సోల్డరింగ్ ఐరన్‌ మొన వైరు తొడుగుకి తాకించండి. పీవీసీ అయితే వెంటనే కరిగి వెనక్కి ముడుచుకుంటుంది, టెఫ్లాన్ చెక్కుచెదరదు. లైటరుతో కాల్చి మాత్రం చూడొద్దు, టెఫ్లాన్ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఛాసిస్ కింద అంతటా 600 వోల్టుల రకం టెఫ్లాన్ వైరు వేశాను. స్పీకరుకి, డయల్ బల్బులకి మెత్తటి సిలికోన్ వైరు. మెయిన్స్‌కి పాత ట్విన్ ఫ్లెక్స్ (రెండు తీగల త్రాడు) తీసేసి, నూలు అల్లిక ఉన్న మూడు తీగల త్రాడు, ఎర్త్, ఒక ఫ్యూజు. టెఫ్లాన్‌తో ఇబ్బందల్లా తొడుగు ఒలవడంలోనే. మామూలు స్ట్రిప్పర్ జారిపోతుంది, గట్టిగా నొక్కితే లోపలి పోగులు తెగుతాయి. పదునైన బ్లేడుతో చుట్టూ తేలిగ్గా గీసి, తిప్పుతూ లాగాలి. అలవాటయ్యేదాకా ఓపిక కావాలి.

పని చేసేటప్పుడు నేను గట్టిగా పట్టుకున్న నియమం, ఒక వైరు తీసి దాని స్థానంలో కొత్తది వేశాకే ఇంకోదాని జోలికి వెళ్లడం. దారి కూడా పాతదే. రేడియోలో వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందనేదే కాదు, ఎటు నుంచి వెళ్లిందనేదీ ముఖ్యం. ఈఎఫ్ 41 గ్రిడ్ (సంకేతం వాల్వులోకి వెళ్లే కాలు) వైరు ఆనోడ్ (పెరిగిన సంకేతం బయటికొచ్చే కాలు) వైరు పక్కకి వస్తే సెట్టు ఈల వేస్తుంది. హీటరు (వాల్వుని లోపల వేడిచేసే తీగ) వైర్లు రెండూ మెలిపెట్టి ఛాసిస్ మూలకి అణచాలి. ఈ ఐదు వాల్వుల హీటర్లు కలిసి 6.3 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు లాగుతాయి. ఆ వైర్లని వదులుగా వదిలేస్తే 50 హెర్ట్జ్ హమ్మింగ్ నేరుగా స్పీకర్లో వినబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోంచి వచ్చే రబ్బరు వైర్లని లాగకూడదు, లోపల తెగితే కథ ముగిసినట్టే. వాటికి మొదలంటా ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగాను.

వైరింగు పనిలోనే చూసుకోవాల్సింది మైనం పూసిన కాగితపు కండెన్సర్లు. ముఖ్యంగా ఈబీసీ 41 నుంచి ఈఎల్ 41 గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కండెన్సర్, అంటే డీసీని ఆపి పాట సంకేతాన్ని మాత్రమే దాటనిచ్చేది. అది లీకైతే అవతలి హైటెన్షన్ కొద్దికొద్దిగా గ్రిడ్ మీదికి చేరుతుంది. పాట వస్తూనే ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. ఈఎల్ 41 మాత్రం తట్టుకోలేనంత కరెంటు లాగుతూ ఎర్రబడుతుంది. సెట్టు వేడెక్కాక గ్రిడ్‌కీ ఛాసిస్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే సున్నా చూపించాలి. ఒక వోల్టు ప్లస్ కనబడినా ఆ కండెన్సర్‌ని నమ్మొద్దు. దాని స్థానంలో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వేశాను. తర్వాత క్యాథోడ్ (వాల్వు కరెంటంతా వెళ్లే కాలు) దగ్గరి 170 ఓముల రెసిస్టర్ మీద సుమారు 7 వోల్టులు వచ్చాయి, అంటే 41 మిల్లీ ఆంపియర్లు. ఈ వాల్వుకి ఉండాల్సింది అంతే. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు (మెయిన్స్ తీగకి వరసలో కలిపిన ఫిలమెంటు బల్బు) పెట్టే ఇవ్వండి. ఎక్కడైనా షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది.

ఇన్నేళ్ల తర్వాత పరిస్థితి ఏమిటంటే, టెఫ్లాన్ వైరు వేసిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఈఎల్ 41 సాకెట్టు పక్కన కూడా రంగు మారలేదు, గట్టిపడలేదు. వెనక అట్ట తీసిన ప్రతిసారీ క్యాథోడ్ వోల్టేజీ చూస్తాను, 7కి అటూ ఇటూగానే ఉంటోంది. డయల్ మీద స్టేషన్లూ జరగలేదు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, అంటే 358 మీటర్లు, డయల్ మీద 350 దాటగానే వస్తుంది. పొద్దున భక్తిరంజని పెడితే వాల్వులు వేడెక్కేదాకా ఆగి, ఆ తర్వాత మెల్లగా గొంతు పెరుగుతుంటే ఎంత హాయో! ఆ గుండ్రటి శబ్దం నాకు ఇంకే పరికరంలోనూ దొరకలేదు.

సిలికోన్‌కి అన్ని మార్కులు వేయలేను. వేడికి ఏమీ కాదు కానీ మరీ మెత్తన. స్పీకరు వైరు ఛాసిస్ రంధ్రం అంచుకి రాసుకున్నచోట తొడుగు మీద గాటు పడింది. కొత్త గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు రింగు) వేసి, వైరు మార్చాను. అంచులున్నచోట సిలికోన్ వాడితే గ్రోమెట్ తప్పనిసరి. మెయిన్స్ త్రాడుకున్న నూలు అల్లిక చూడముచ్చటగా ఉంటుంది, దుమ్ము మాత్రం బాగా పడుతుంది. ఇక మీడియం వేవ్‌లో గరగర వినబడితే వైరింగుని తప్పుపట్టకండి. ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు ఆపి చూడండి, సగం పోతుంది.

మా మేనత్త గారి సెట్టుకి మంచి పీవీసీ వైరే వేశాను, అదీ బాగా పనిచేస్తోంది. వాల్వులకీ వైర్లకీ మధ్య చోటున్న పెద్ద ఛాసిస్ అది. ఇరుకు సెట్లకి మాత్రం పీవీసీ వద్దంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. యూసీహెచ్ 42, యూఎల్ 41 లాంటి 'యూ' వాల్వులున్న ఏసీ/డీసీ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ అంతా 230 వోల్టులే. అలాంటి దాని ఛాసిస్‌కి ఎర్త్ వైరు కలపకూడదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసేది) దొరికేదాకా దాని వెనక అట్ట తీయకండి.