వసంతంలో ప్రాగ్: ఏప్రిల్ మేలా, మే మేలా?

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఏప్రిల్‌కీ మేకీ తేడా ముందు ఒంటికి తెలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో 13, 14 డిగ్రీలుంటే, తెల్లవారుజామున 3, 4కి పడిపోతుంది. ఎండ కాస్తుండగానే వడగళ్లు పడి, గంటలో మళ్లీ తెరిపిస్తుంది. మార్చిలో పొయ్యి చాటుకు చేరతాం, ఏప్రిల్లోనూ అక్కడే ఉంటాం అని చెక్‌వాళ్ల సామెత. మేలో పగలు 18, 19 దాకా వెళ్తుంది. అయితే మే 12, 13, 14 తేదీలను ‘మంచు మనుషులు’ అంటారు. పంక్రాత్స్, సెర్వాత్స్, బొనిఫాత్స్ అనే సెయింట్ల రోజులవి. అప్పుడు చలి ఒకసారి వెనక్కి తిరిగొస్తుందని అక్కడివాళ్ల లెక్క.

కాబట్టి ఏ నెలలో వెళ్లినా ఒకే మందపాటి కోటు పనికిరాదు. పలుచనివి రెండు, పైన వాన దిగని జాకెట్ ఒకటి ఉంటే వేసుకోవడం, తీయడం సులువు. బూట్ల అడుగు మాత్రం మందంగా ఉండాలి. పాతబస్తీ దారులన్నీ చిన్న చిన్న రాళ్లు పరిచినవి. తడిస్తే జారుతాయి, పలుచని చెప్పులతో నడిస్తే సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి.

పూల కోసమైతే ఏప్రిలే. పెట్రిన్ కొండ వాలంతా చెర్రీ, ఆపిల్, పియర్ తోటలు. ఊయెజ్ద్ ట్రామ్ స్టాప్‌లో దిగి మెల్లగా ఎక్కితే, తెల్లటి కొమ్మల సందుల్లోంచి ఎర్ర పెంకుల ఇళ్లు, దూరాన కోట కనిపిస్తాయి. మే 1న ఆ కొండమీదున్న కవి మాఖా విగ్రహం దగ్గర జంటలు గుమిగూడతాయి. పూసిన చెట్టు కింద ముద్దు పెట్టుకోవడం ఆనవాయితీ. అప్పటికి చెర్రీ పూలు చాలావరకు రాలిపోయి ఉంటాయి, ఆ ఒక్క రోజును నమ్ముకుని టికెట్ కొనొద్దు. సెనేట్ భవనం వెనకున్న వాలెన్‌స్టైన్ తోట కూడా ఏప్రిల్లోనే తెరుస్తారు. ప్రవేశం ఉచితం, నెమళ్లు తిరుగుతుంటాయి.

సంగీతం కోసమైతే మే. ‘ప్రాగ్ వసంతం’ సంగీతోత్సవం 1946 నుంచి ఉంది. చెక్ స్వరకర్త స్మెతానా వర్ధంతి అయిన మే 12న ఆయన కృతితో మొదలవుతుంది. తొలి కచేరీ టికెట్లు నెలల ముందే చూసుకోవాలి. గదుల అద్దెలూ అప్పుడే పెరుగుతాయి. మే తొలి ఆదివారం మామూలుగా మారథాన్ ఉంటుంది, ఊరి మధ్య ట్రామ్‌లు దారి మళ్లుతాయి. మే 8న చట్టప్రకారం పెద్ద షాపులు మూసేస్తారు. ఈస్టర్ సోమవారమూ అంతే, సరుకులు ముందురోజే తెచ్చుకోవాలి.

చార్లెస్ వంతెనకు ఏ నెలైనా ఒకటే మాట: సూర్యోదయానికే చేరాలి. ఏప్రిల్ మధ్యలో అది 6 దాటాక, మే మధ్యలో 5 దాటిన కాసేపటికే. తొమ్మిదయ్యేసరికి 516 మీటర్ల వంతెన మీద జనం ఆగి ఒక్క విగ్రహాన్నైనా నిదానంగా చూడనివ్వరు.

మా ఓటు ఏప్రిల్ 20–30కి. పూలుంటాయి, తోటలు తెరిచి ఉంటాయి, ఉత్సవం ధరలింకా రావు. తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులూ దాదాపు అప్పుడే మొదలవుతాయి. చెక్ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ఫిబ్రవరిలోపే పెట్టేయండి. వేసవి ప్రయాణాల రద్దీ మొదలయ్యాక స్లాట్ దొరకడమే కష్టం. చలికి తట్టుకోలేని పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం మే 15 దాటాక వెళ్లండి.