తోక చక్రమా, ముక్కు చక్రమా?

ఒడిశాలోని మా జయపురంలో దిగే తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానానికి చిన్న చక్రం ముక్కు కింద ఉంటుంది. పాతకాలపు పైపర్ కబ్‌కు తోక కింద. పక్కగాలి విసురుగా కొడుతున్నప్పుడు పైకి లేవాలంటే ఈ తేడాయే ముఖ్యం.

తోక చక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. గాలి తోకను నెట్టగానే ముక్కు గాలివైపు తిరుగుతుంది. వెనకనున్న బరువు ఆగక ఆ మలుపును ఇంకా పెంచుతుంది. తోక చుక్కానిని తిప్పే పెడల్ తొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైతే విమానం గిర్రున తిరిగి, రెక్క కొన నేలను గీరుకుంటుంది. చూడముచ్చటైన విమానమే, కానీ క్షమించదు.

ముక్కు చక్రం విమానంలో బరువు ముందుంటుంది కాబట్టి దారి తనే సరిదిద్దుకుంటుంది. నా ఓటు దీనికే. అయితే ధీమా వద్దు: ముక్కు చక్రమున్న చిన్న విమానం సెస్నా 172 పరీక్షల్లో తట్టుకుని చూపిన పక్కగాలి 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లే. వైశాఖం సాయంత్రాల్లో గాలి తీరు చూపే గాలిసంచి ఒక్కసారిగా ఉబ్బి, మరుక్షణం వేలాడిపోతుంది. అలాంటి విసురు విమానాన్ని వేగం చాలకముందే లేపి, పక్కకు జారుస్తూ కిందికి వదిలేస్తే, చక్రాల కాళ్లు విరగడంలో రెండూ ఒకటే.